బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఇరవై ఆరు నెలలు

మా పిన్ని కూతురికి శ్రీకాకుళంలో ఒక సూపర్‌మార్కెట్‌లో ఉద్యోగం వచ్చింది. ఊరూరా బ్రాంచీలున్న చైన్ స్టోర్. డిగ్రీ అయిన ఏడాదికి వచ్చిన మొదటి ఉద్యోగం. ఆ రాత్రే ఫోన్ చేసి "ఎలాగుంటాది అక్కా అక్కడ?" అని అడిగింది. నేను అలాంటి స్టోర్‌లోనే, విజయనగరంలో, 2022 జూన్ నుంచి 2024 ఆగస్టు వరకు పనిచేశాను. గంటసేపు చెప్పినా సగం కూడా అవలేదు. మిగతాది రాసి పంపుతానన్నాను. రాస్తుంటే, ఇలాంటి స్టోర్లలో చేరబోయే మిగతా పిల్లలకి కూడా పనికొస్తుందనిపించింది.

మాది నెల్లిమర్ల. నాన్న జూట్ మిల్లు కార్మికుడు. నేను బీకాం చదివాను. ఇంటర్వ్యూలో నన్ను చదువు గురించి ఎక్కువ అడగలేదు. "387 రూపాయల బిల్లుకి కస్టమర్ 1,007 ఇచ్చాడు, ఎంత తిరిగివ్వాలి?" అని అడిగారు. 620 అన్నాను. ఏడు రూపాయలు ఎందుకిచ్చాడో చెప్పమన్నారు. చిల్లర కలిసిరావడానికి అన్నాను. అంతే, సోమవారం నుంచి రమ్మన్నారు.

చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగారు. అందరూ ఇస్తున్నారు కదా అని నేనూ టెన్త్ మెమో, డిగ్రీ ప్రొవిజనల్ ఇచ్చేశాను. తీసుకున్నట్టు రసీదు కూడా అడగలేదు. అది నేను చేసిన మొదటి తప్పు. చెల్లీ, ఒరిజినల్స్ చూపించు, జిరాక్స్ ఇవ్వు. మరీ బలవంతం చేస్తే ఏమేం తీసుకున్నారో రాయించి సంతకం పెట్టించుకో.

మొదటి పదిహేడు రోజులు శిక్షణ. స్కానర్ పట్టుకోవడం ఒక పూటలో వచ్చేస్తుంది. కష్టమైంది బార్‌కోడ్ లేని సరుకు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, విడి పప్పులు, బెల్లం, ఎండు మిరప, అన్నిటికీ కోడ్ నంబర్లుంటాయి. తూకం దగ్గర స్టిక్కర్ వేయించుకోకుండా జనం నేరుగా కౌంటర్‌కి తెచ్చేస్తారు. రాత్రి ఇంటికెళ్లాక చిన్నప్పుడు ఎక్కాలు చదివినట్టు ఆ కోడ్లు చదివేదాన్ని. మా అమ్మ కంచంలో కూర వడ్డిస్తూ "వంకాయెంత?" అని అడిగేది. నంబర్ చెప్పేదాన్ని. నెల తిరిగేసరికి నూట ఇరవై కోడ్లు నోటికొచ్చాయి. ఆ వేగం వచ్చాక పని మీద నాకు ఇష్టం కలిగింది. క్యూలో పదిమంది ఉన్నా ఎవరూ విసుక్కోకుండా పంపించగలిగిన రోజు ఇంటికెళ్తుంటే ఒళ్లు తేలిగ్గా ఉండేది.

సరుకు సర్దడం కూడా అందరం చేయాల్సిందే. ముందు ఎక్స్‌పైరీ అయ్యేది ముందు వరసలో, కొత్తది వెనక. పాల ప్యాకెట్లు, బ్రెడ్డు, పెరుగు రోజూ తారీఖు చూడాలి. దీని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, వారంలో అలవాటవుతుంది.

కాళ్ల గురించి మాత్రం చెప్పాలి. షిఫ్ట్ కాగితం మీద తొమ్మిది గంటలు, మధ్యలో ఒక గంట బ్రేక్. మిగతా ఎనిమిది గంటలూ నిలబడే ఉండాలి. కౌంటర్ వెనక స్టూల్ ఉండదు. క్యూ లేనప్పుడు కూడా కూర్చోకూడదు, కస్టమర్ చూస్తే బాగుండదంటారు. మొదటి నెలలో రాత్రి పడుకుంటే పిక్కలు పట్టేసి ఏడుపొచ్చేది. అమ్మ వేడినీళ్లలో రాళ్లుప్పు వేసి కాళ్లు పెట్టించేది. నెలసరి రోజుల్లో ఆ నిలబడడం ఎలా ఉంటుందో ఆడపిల్లలకి నేను చెప్పక్కర్లేదు. కేరళలో బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 2018లో అక్కడి ప్రభుత్వం చట్టం మార్చి, షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా అలాగే చేసింది. ఈ సంగతి నేను బ్రేక్‌లో ఫోన్‌లో చదివి మా అమ్మాయిలందరికీ చూపించాను. ఒక స్టూల్ వల్ల బిల్లింగ్ ఆగదు. బ్యాంకులో క్యాషియర్ కూర్చునే కదా డబ్బులు లెక్కపెడతాడు. ఈ మాట మా ఫ్లోర్ మేనేజర్‌తోనూ అన్నాను. ఆయన కాదనలేదు, "పైనుంచి రావాలమ్మా" అన్నారు. ఆయన కూడా రోజంతా నిలబడే ఉండేవారు.

మెత్తటి అడుగున్న బూట్లు కొనుక్కో చెల్లీ. మొదటి జీతం వచ్చేదాకా ఆగకు.

మనుషుల గురించి చెప్పాలంటే చాలా ఉంది. పల్లెల నుంచి వచ్చేవాళ్లకి అక్కడి ధరలు, ఆఫర్లు అంత తొందరగా అర్థం కావు. ఒక ముసలమ్మ నెలకోసారి వచ్చేది, పెన్షన్ అందుకున్న వారంలో. మొదటిసారి నా కౌంటర్‌కి వచ్చినప్పుడు, మడతలు పడ్డ రెండు వంద నోట్లు గుప్పిట్లోంచి తీసి బల్లమీద పెట్టి, "అమ్మీ, నా దగ్గర రెండొందలే ఉన్నాయి. అది దాటనీకు" అంది. బుట్టలో చూస్తే ఎలాగూ రెండొందలు దాటేలా ఉంది. ఒకసారి స్కాన్ చేసిన వస్తువు తీసేయాలంటే మాకు అధికారం ఉండదు, సూపర్‌వైజర్ వచ్చి తన కార్డు గీయాలి. అలా తీసేసినవన్నీ నెలాఖరుకి నా పేరు మీద రిపోర్టులో వస్తాయి, ఎక్కువైతే అనుమానంగా చూస్తారు. అందుకని స్కాన్ చేయకముందే ఒక్కో వస్తువు ధర చూసి నోటితో కూడుతూ వరసగా పెట్టాను. కందిపప్పు, నూనె ప్యాకెట్టు, సబ్బు. "ఇక్కడికి నూట డెబ్బై నాలుగు. ఇంకేటి కావాలి మామ్మా?" అన్నాను. కాసేపు ఆలోచించి టీపొడి పక్కన పెట్టేసి, మనవడి కోసమని బిస్కెట్ ప్యాకెట్లు ఉంచుకుంది. బిల్లు 194. ఆరు రూపాయలు చేతిలో పెడితే లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా పక్క కౌంటర్ ఖాళీగా ఉన్నా నా దగ్గరే నిలబడేది.

తిట్లు కూడా ఉంటాయి. క్యారీ బ్యాగ్‌కి డబ్బులెందుకని, ఆఫర్ బోర్డు ఉంది గానీ బిల్లులో తగ్గలేదేమని. ఆ నిర్ణయాలేవీ మావి కావు, మాట పడేది మాత్రం మేమే. ఒకాయన బియ్యం బస్తా ధర మీద గొడవపడి బిల్లు చింపి నా మొహం మీద వేశాడు. వెనక క్యూలో ఉన్న ఒకావిడ "ఆ పిల్లేటి చేస్తాది బాబూ" అని ఆయన్ని గదమాయించింది. ఆ ఒక్క మాటతో మిగతా షిఫ్ట్ లాక్కొచ్చాను.

2023 మే 19 సాయంత్రం రెండు వేల నోట్లు వెనక్కి తీసుకుంటున్నట్టు రిజర్వ్ బ్యాంక్ ప్రకటించింది. నోటు చెల్లుతుందనే చెప్పారు, మార్చుకోడానికి సెప్టెంబర్ 30 వరకు గడువిచ్చారు, తర్వాత అక్టోబర్ 7 దాకా పొడిగించారు. అయినా మర్నాడు పొద్దున్నే అరవై రూపాయల సరుక్కి రెండు వేల నోటు. పదింటికల్లా చిల్లర ఖాళీ. దొంగనోటు వస్తే ఆ డబ్బు క్యాషియరే కట్టాలనేది మా స్టోర్‌లో మాటగా ఉన్న రూల్, ఎక్కడా రాసి లేదు. ప్రతి నోటూ నీలం లైట్ కింద పెట్టి చూడడం, పక్కన కస్టమర్ విసుక్కోవడం. ఆ వారంలో నాకు నిద్రలో కూడా గులాబీరంగు నోట్లే కనిపించాయి.

రోజు చివర టాలీ గురించి జాగ్రత్తగా విను. పొద్దున కౌంటర్ తెరిచేటప్పుడు ఇంత చిల్లర ఇస్తారు, సంతకం పెట్టాలి. రాత్రి క్యాష్, కార్డు, యూపీఐ మూడూ సిస్టమ్ చెప్పిన లెక్కతో కలవాలి. పది, ఇరవై తేడా అందరికీ వస్తుంది, జేబులోంచి వేసేస్తాం. నేనూ వేశాను. అది అలవాటైపోవడమే ప్రమాదం. ఇరవైకి అడగని మనిషి రెండు వేలకీ అడగలేదు.

2023 ఆగస్టు 24, వరలక్ష్మీ వ్రతం ముందురోజు. ఏడాదిలో అలాంటి రద్దీ మాకు దసరాకి, సంక్రాంతికి తప్ప ఉండదు. కొబ్బరికాయలు, పసుపు కుంకుమలు, జాకెట్ ముక్కలు, శనగపప్పు, నెయ్యి. సాయంత్రం ఆరున్నరకి ఒక రిటైర్డ్ మాస్టారు 1,846 రూపాయల సరుకు తీసుకుని ఫోన్‌తో కట్టారు. ఫోన్ నా వైపు తిప్పి చూపించారు, పచ్చ టిక్కు కనిపించింది. నేను యూపీఐ అని కొట్టి బిల్లు ఇచ్చాను. రాత్రి టాలీలో నా కౌంటర్ యూపీఐ సరిగ్గా 1,846 తక్కువ. ఆ బిల్లే అని వెంటనే గుర్తుపట్టాను. డబ్బు రాలేదు కాబట్టి నేను చూసుకోకపోవడమే తప్పన్నారు. సెప్టెంబర్‌లో వచ్చిన జీతంలో 'రికవరీ 1,846' అని పడింది.

అప్పటి నా పే స్లిప్ లెక్క ఇది. మొత్తం 11,800. అందులో బేసిక్ 9,500. దాని మీద పన్నెండు శాతం పీఎఫ్ 1,140, మొత్తం మీద ముప్పావు శాతం ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) 89 పోను, చేతికి రావాల్సింది 10,571. ఆ నెల వచ్చింది 8,725. స్లిప్ ఇంట్లో బల్లమీద పెట్టి ఏడిచాను. నాన్న కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. ఆయనకి చదువు తక్కువ గానీ మిల్లులో యూనియన్ మీటింగులకి వెళ్లిన మనిషి. "డబ్బులు తప్పాయా, ఎవరైనా తిన్నారా, ఆల్లు సూసారా? సూడకుండా కోసేస్తే ఎలా? కాగితం మీద అడుగు తల్లీ. నోటిమాటకి సాచ్చికమేటుంటాది?" అన్నారు.

నేను వెతికితే తెలిసింది. అప్పట్లో అమల్లో ఉన్నది 1936 నాటి వేతన చెల్లింపు చట్టం. డబ్బు లెక్కచెప్పాల్సిన ఉద్యోగి దగ్గర తేడా వస్తే జీతంలో కోయవచ్చు గానీ, ఆ నష్టం నేరుగా అతని నిర్లక్ష్యం వల్లో తప్పు వల్లో జరిగి ఉండాలి. కోసే ముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. తెలుగులోనే ఒక పేజీ రాశాను. బిల్లు నంబర్, టైమ్, మొత్తం రాసి, ఆ లావాదేవీ ఎక్కడికి పోయిందో చూడమని, అంతవరకు కోత ఆపమని అడిగాను. రెండు కాపీలు తీసి ఒకదాని మీద అందినట్టు సంతకం చేయించుకున్నాను. సంతకం పెట్టడానికి మేనేజర్ కొంచెం తటపటాయించారు, కానీ పెట్టారు.

మాస్టారి నంబర్ మెంబర్‌షిప్ కార్డులో ఉంది. సూపర్‌వైజర్ ఫోన్ చేస్తే మర్నాడే వచ్చారు పాపం, ఎండలో. ఆయన ఖాతాలోంచి డబ్బు వెళ్లినట్టు ఫోన్‌లో చూపించారు. కింద ఆ చెల్లింపుని గుర్తించే పన్నెండు అంకెల యూటీఆర్ నంబర్ ఉంది. దాన్ని అకౌంట్స్‌కి పంపించాం. నాలుగు రోజుల తర్వాత తేలింది. నా కౌంటర్‌కీ పక్క కౌంటర్‌కీ మధ్య బల్ల మీద రెండు క్యూఆర్ స్టాండ్లు పక్కపక్కనే ఉండేవి. రద్దీలో ఆయన పక్కదాన్ని స్కాన్ చేశారు. డబ్బు స్టోర్‌కే వచ్చింది, పక్క కౌంటర్ లెక్కలో. ఆ రాత్రి పక్క కౌంటర్ టాలీ షీట్‌లో 1,846 ఎక్కువని రాసి కూడా ఉంది. తక్కువ వచ్చిన నన్ను పిలిచారు. ఎక్కువ వచ్చిన షీట్ వంక ఎవరూ చూడలేదు.

ఆ షీట్ నాకు చూపించినప్పుడు చేతులు వణికాయి. రెండు కాగితాలూ ఒకే ఫైల్‌లో, ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. ఇన్ని రోజులూ నేను నన్ను తిట్టుకుంటూ ఉన్నాను, మాస్టారు మోసం చేశారేమోనని కూడా ఒక రాత్రి అనుకున్నాను. ఆయనకి మనసులోనే దండం పెట్టుకున్నాను. అక్టోబర్‌లో వచ్చిన జీతంలో డబ్బు తిరిగి కలిపారు. స్టాండ్లు విడదీసి ఒక్కో కౌంటర్‌కి ఆ చివరన పెట్టారు.

ఇదే చెల్లీ నేను నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది. తేడా వస్తే ముందు ఆ రోజు అన్ని కౌంటర్ల షీట్లూ చూడమని అడుగు. అడిగేది రాసి అడుగు.

ఆ నెలాఖర్లోనే కంటకాపల్లి రైలు ప్రమాదం జరిగింది. 2023 అక్టోబర్ 29, ఆదివారం. ఎల్లుండి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, స్టోర్ నిండా జనం. ఫోన్లు లాకర్‌లో పెట్టి తాళం వేయాలనేది మా రూల్. షిఫ్ట్ ఆరింటికి అయిపోవాలి, క్యాష్ తేలేసరికి ఆరున్నర దాటుతుంది, తర్వాత స్టేషన్‌కి వెళ్లి విశాఖ నుంచి వచ్చే పలాస పాసింజర్ ఎక్కేదాన్ని. ఆ రోజు రద్దీ వల్ల ఉండిపొమ్మన్నారు. ఏడున్నర ప్రాంతంలో ఒక కస్టమర్ ఫోన్ చూస్తూ "పలాస బండిని రాయగడ బండి గుద్దేసిందంట" అన్నాడు. క్యూలో ఉన్నవాళ్లందరూ ఒక్కసారి మాట ఆపేశారు. మేనేజర్ పరుగున వచ్చి లాకర్లు తెరిపించారు. నా ఫోన్‌లో అమ్మవి ఇరవై మూడు మిస్డ్ కాల్స్. ప్రమాదం జరిగింది కొత్తవలసకీ విజయనగరానికీ మధ్య, బండి ఇంకా మా స్టేషన్‌కే రాలేదు, నేను అందులో ఉండే అవకాశమే లేదు. కానీ అమ్మకి వినబడింది పలాస పాసింజర్ అన్న మాట ఒక్కటే. నేను హలో అనగానే ఆవిడ మాట్లాడలేకపోయింది. నాన్న ఫోన్ తీసుకుని "ఉన్నావా?" అన్నారు. "ఉన్నాను నాన్నా." అంతే మాట్లాడుకున్నాం. మా స్టాఫ్‌లో ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరింట్లోవాళ్లో మాత్రం ఆ రాత్రి రాలేదు, ఆ బాధ ఊరంతా ఉండిపోయింది. ఆ తర్వాత మా స్టోర్‌లో ప్రతి షిఫ్ట్‌కీ ఒకరి దగ్గర ఫోన్ ఉండాలని, ఆ నంబర్ అందరి ఇళ్లలో ఇచ్చి రావాలని మేమే అడిగి పెట్టించుకున్నాం. నువ్వు చేరిన రోజే స్టోర్ ల్యాండ్‌లైనో, సూపర్‌వైజర్ నంబరో పిన్నికి ఇచ్చెయ్యి.

ఈఎస్ఐ గురించి రెండు మాటలు. కోస్తున్నది తక్కువే కదా అని వదిలేయకు. 2024 జనవరిలో నాకు టైఫాయిడ్ వచ్చి పదకొండు రోజులు మంచం మీదున్నాను. ఈఎస్ఐ డాక్టర్ సర్టిఫికెట్ పెడితే సెలవు రోజులకి జీతంలో డెబ్బై శాతం లెక్కన డబ్బు నా ఖాతాలో పడింది. అలా ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తారు. దానికి అంతకుముందు ఆరు నెలల విడతలో కనీసం 78 రోజులకి చందా కట్టి ఉండాలి. అమ్మానాన్నల పేర్లు కూడా కార్డులో చేర్పించు, నీ మీద ఆధారపడ్డవాళ్లయితే వాళ్లకీ వైద్యం వస్తుంది.

సంక్రాంతి తర్వాత స్టాక్ లెక్క తీస్తారు. రాత్రి షట్టర్ దించి తెల్లవారేదాకా ఒక్కో అర లెక్కపెట్టాలి. 2024లో తీసిన లెక్కలో షార్టేజ్ చాలా వచ్చింది. ఆ సరుకు దొంగతనంగా పోయిందో, ఎలకలు కొట్టాయో, లారీలోంచి దిగినప్పుడే తక్కువ దిగిందో ఎవరికీ తెలియదు. ఫ్లోర్ మీదున్న అందరికీ సమానంగా పంచి, తలా 1,200 చొప్పున రెండు నెలలు కోశారు. ఈసారి కూడా రాసి ఇచ్చాను. నాతోపాటు సంతకం పెట్టమని పదిమందిని అడిగితే ముగ్గురే పెట్టారు. మిగతావాళ్లని నేను తప్పుపట్టను. ఒకామె భర్త లేని మనిషి, ఇద్దరు పిల్లలు. ఆమె "అక్కా, నేను సంతకం పెడితే సోమవారం నుంచి ఉండమంటారో లేదో" అంది. మా మేనేజర్ మీద కూడా పైనుంచి ఒత్తిడి ఉంది, ఆయన జీతంలోనూ కోత పడిందని తర్వాత తెలిసింది. మా కాగితానికి జవాబు రాలేదు.

ఆ వేసవిలో నాకు ఒక ఆడిటర్ ఆఫీసులో అకౌంట్స్ పని దొరికింది. జూలై 31న రాజీనామా ఇచ్చి, నెల నోటీసు పూర్తిగా చేసి ఆగస్టు 31న బయటికొచ్చాను. మాట మీద మానేసినవాళ్లకి ఆఖరి జీతం ఎగ్గొట్టడం చూశాను కాబట్టి, రాజీనామా మెయిల్‌లో పంపి కాపీ దాచుకున్నాను. ఆఖరి సెటిల్‌మెంట్‌కి నలభై రోజులు పట్టింది. అందులో ఆ 2,400 గురించి మళ్లీ అడిగాను. అప్పట్లో నేనిచ్చిన కాగితం, అందినట్టున్న సంతకం ఫోటో తీసి హెచ్ఆర్‌కి పంపి, జవాబు రాకపోతే కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు ఇస్తానని రాశాను. వారంలో 2,400 కలిపి వేశారు. సంతకం పెట్టిన మిగతా ముగ్గురూ కూడా అదే కాగితం చూపించి తెచ్చుకున్నారు. పెట్టని వాళ్లకి రాలేదు. అది నాకు ఇప్పటికీ మనసులో ఉంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం హెడ్డాఫీసు నుంచి రావడానికి మూడుసార్లు తిరగాల్సొచ్చింది.

ఇక పీఎఫ్. నా జీతంలోంచి పన్నెండు శాతం, కంపెనీ పన్నెండు శాతం. కంపెనీ కట్టే దాంట్లో 8.33 శాతం పెన్షన్‌కి, మిగతా 3.67 శాతం మన పీఎఫ్‌కి వెళ్తుంది. రెండు నెలలు ఉద్యోగం లేకుండా ఉంటే మొత్తం తీసుకోవచ్చనేది అప్పటి నిబంధన. తర్వాత మార్పులు ప్రకటించారు కాబట్టి నువ్వు ఆ రోజుకున్నది చూసుకో. ఆడిటర్ గారి దగ్గర పీఎఫ్ లేదు. అందుకని నవంబర్‌లో పీఎఫ్ డబ్బు కోసం ఫారం 19, పెన్షన్ డబ్బు కోసం ఫారం 10సీ ఆన్‌లైన్‌లో పెట్టాను. నేను మానేసిన తేదీ కంపెనీ ఎక్కించలేదు. ఆఖరి చందా పడి రెండు నెలలు దాటితే మనమే ఎక్కించుకోవచ్చు, ఎక్కించాను. పది రోజుల్లో రెండూ తిరస్కరించారు. నాన్న పేరు సరిపోలేదట. నా పీఎఫ్ వివరాలు తెరిచి చూస్తే నాన్న పేరులో ఒక అక్షరం తప్పు, ఇంటిపేరు అసలు లేదు. చేరిన రోజు కంప్యూటర్ దగ్గర కూర్చున్న అబ్బాయి తొందరలో కొట్టింది. రెండేళ్లుగా పాస్‌బుక్ తెరిచి డబ్బు పడుతోందా లేదా అని చూసుకున్నానే గానీ ఆ పేరు వంక ఒక్కసారీ చూడలేదు.

ఎవరిని అడగాలో తెలియక తిరుగుతుంటే ఆడిటర్ గారే చెప్పారు, పీఎఫ్ వాళ్లు ప్రతి నెలా 27న జిల్లాల్లో 'నిధి ఆప్‌కే నికట్' అని శిబిరం పెడతారని. నవంబర్ 27న విజయనగరం శిబిరానికి వెళ్లాను. నాలాంటివాళ్లే, షాపుల్లో, హాస్పిటళ్లలో, సెక్యూరిటీలో చేసేవాళ్లు ఫైళ్లు పట్టుకుని కూర్చున్నారు. అక్కడున్న ఉద్యోగి ఓపిగ్గా చూసి, తప్పు వివరాలు దిద్దమని అడిగే జాయింట్ డిక్లరేషన్ పెట్టమన్నారు. అప్పట్లో అది మనం ఆన్‌లైన్‌లో పెడితే ముందు కంపెనీ, తర్వాత పీఎఫ్ ఆఫీసు ఆమోదించాల్సి ఉండేది. టెన్త్ మెమో, పాన్ కార్డు జతచేశాను. రెండింట్లోనూ నాన్న పేరు ఉంటుంది. అప్పటికి ఒరిజినల్ మెమో చేతికొచ్చింది కాబట్టి సరిపోయింది, లేకపోతే అదీ ఆగిపోయేది. కంపెనీ ఆమోదానికి ఐదు వారాలు పట్టింది. వారానికోసారి మెయిల్, రెండురోజులకోసారి ఫోన్. మా పాత మేనేజర్ గారే హెచ్ఆర్‌తో మాట్లాడి పని జరిపించారు, ఆ సాయం మర్చిపోను. 2025 ఫిబ్రవరిలో పీఎఫ్, పెన్షన్ రెండూ కలిపి అరవై వేలు దాటి ఖాతాలో పడింది. అమ్మ కుదువపెట్టిన గొలుసు విడిపించి, మిగతాది ఇంటి రేకులకి వాడాం.

ఇదంతా రాసి చెల్లికి పంపాను. నిన్న రాత్రి తన ఆఫర్ లెటర్, జాయినింగ్ ఫారం ఫోటోలు తీసి పంపింది. జీతం, వీక్ ఆఫ్, షిఫ్ట్ అన్నీ ఉన్నాయి. తండ్రి పేరు దగ్గర మా బాబాయి పేరు లేదు, ఇంటిపేరు మొదటి అక్షరం ఒక్కటే ఉంది. ఆధార్, టెన్త్ మెమో, పాన్ మూడూ పక్కన పెట్టుకుని, సంతకం పెట్టకముందే దిద్దించుకోమన్నాను. పొద్దున్న తొమ్మిదింటికే వెళ్తానంది.